సూది ఎక్కడికి వెళ్లింది? ఎమ్మారై, అల్ట్రాసౌండ్ కలిపి చేసిన ప్రోస్టేట్ బయాప్సీ: నా అనుభవం

నాకు ప్రోస్టేట్ బయాప్సీ, అంటే మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి నుంచి సూదితో చిన్న ముక్కలు తీసి క్యాన్సర్ ఉందేమో చూసే పరీక్ష, రెండు పద్ధతుల్లోనూ జరిగింది. మొదటిది అల్ట్రాసౌండ్ ఒక్కటే చూస్తూ చేసే మామూలు పద్ధతి. రెండోది, ముందే తీసి ఉంచిన ఎమ్మారై బొమ్మను అప్పటికప్పుడు తెర మీద కదులుతున్న అల్ట్రాసౌండ్ బొమ్మకు జతచేసి, అనుమానం ఉన్న చోటికే గురిపెట్టి సూది పంపే పద్ధతి, దీన్ని ఫ్యూజన్ బయాప్సీ అంటున్నారు. మొదటిదాంట్లో క్యాన్సర్ కనిపించలేదు. రెండోదాంట్లో దొరికింది. ఈ మధ్యకాలంలో కొత్తగా వచ్చినదానిలా లేదని, మొదటిసారి కూడా అది అక్కడే ఉండి ఉంటుందని నన్ను చూస్తున్న యూరాలజిస్ట్ అన్నారు. బయాప్సీకి వెళ్లబోయేవాళ్లు నన్ను అడిగేవి ఎప్పుడూ రెండే: ఎన్ని ముక్కలు తీస్తారు, నొప్పి ఉంటుందా. ఆ సూది ఎక్కడికి వెళ్తుంది, అనుకున్న చోటికే వెళ్లిందని ఎలా తెలుస్తుంది అని అడిగినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. తండ్రికో అన్నదమ్ములకో ఉంటే మనకు వచ్చే అవకాశం సుమారు రెట్టింపు ఉంటుందని చెప్పడంతో యాభై దాటినప్పటి నుంచి పీఎస్‌ఏ అనే, ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్ రక్తంలో ఎంతుందో కొలిచే పరీక్ష చేయించుకుంటూ వస్తున్నాను. చాలాకాలం ఏమీ లేదు, తర్వాత నెమ్మదిగా పెరిగి 4 దాటింది. పీఎస్‌ఏ పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. గ్రంథి పెద్దదైనా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఆ గ్రంథికి వాపు వచ్చినా పెరుగుతుంది. కాబట్టి మళ్లీ చేయించాం, మళ్లీ ఎక్కువే వచ్చింది, బయాప్సీ అన్నారు.

మొదటి బయాప్సీ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎడమవైపు తిరిగి మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకోవాలి, మలద్వారంలోంచి వేలు లావున ఉండే అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడతారు, గ్రంథి పక్కన మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, ఆ తర్వాత స్ప్రింగ్ గన్‌తో ఒక్కో ముక్క తీస్తారు. గన్ పేలినప్పుడల్లా టక్కుమని శబ్దం, లోపల చిన్న కుదుపు. భరించలేని నొప్పి కాదు, కానీ ఆ శబ్దం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడటం మాత్రం టెన్షనే. తెర నా వైపే ఉంది. బూడిదరంగు మసకలో గ్రంథి అంచు తెలుస్తోంది, సూది వెళ్లినప్పుడు తెల్లటి గీత మెరుస్తోంది. అనుమానం ఉన్నది ఎక్కడ డాక్టర్ గారూ అని అడిగాను. "అది దీంట్లో కనిపించదండీ, గ్రంథి మొత్తం కవరయ్యేలా అన్ని వైపుల నుంచీ తీస్తున్నాం" అన్నారాయన, ఏమీ దాచకుండా.

ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు. అల్ట్రాసౌండ్‌లో చాలా ప్రోస్టేట్ క్యాన్సర్లు పక్కనున్న మామూలు కణజాలం లాగే కనిపిస్తాయి, అంటే శబ్ద తరంగాలు రెండింటి నుంచీ ఒకేలా తిరిగొస్తాయి. అందువల్ల ఆ బయాప్సీలో అల్ట్రాసౌండ్ పని గ్రంథి ఎక్కడుందో చూపించడమే, గడ్డ ఎక్కడుందో చూపించడం దాని వల్ల చాలాసార్లు కాదు. 1989లో స్టాన్‌ఫర్డ్‌లో హాడ్జ్, స్టేమీ బృందం ఆరు చోట్ల నుంచి ఒక క్రమంలో ముక్కలు తీసే పద్ధతి ప్రకటించింది. అంతకుముందు వేలితో తడిమి గట్టిగా ఉన్నచోటో, స్కాన్‌లో నల్లగా కనిపించినచోటో పొడిచేవారు కాబట్టి అది పెద్ద ముందడుగే. తర్వాత ఆ ఆరు కాస్తా పది, పన్నెండు అయ్యాయి. గడ్డ కనిపించదు గనక ముక్కల సంఖ్య పెంచుకుంటూ పోయారన్నమాట.

నేను ఇంటికొచ్చాక తీరిగ్గా కూర్చుని లెక్కవేశాను. సాధారణంగా వాడేది 18 గేజ్ సూది, దాంట్లో వచ్చే ముక్క మందం ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే, పొడవు ఒకటిన్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ. పన్నెండు ముక్కలూ కలిపితే 0.1 సీసీ అవుతుందేమో. నా గ్రంథి పరిమాణం 48 సీసీ. అంటే పరీక్షకు వెళ్లింది గ్రంథిలో వెయ్యింట రెండు వంతులు మాత్రమే. ఇక పట్టించుకోదగ్గ గడ్డ అని చాలాకాలం కొలతగా పెట్టుకున్న 0.5 సీసీ అంటే సుమారు ఒక సెంటీమీటరు వ్యాసం ఉన్న చిన్న గోళం. పన్నెండు సన్నటి గీతల మధ్యలో ఆ గోళం తప్పించుకోవడం పెద్ద వింతేమీ కాదు. పైగా మలద్వారం వైపు నుంచి వెళ్లే సూది గ్రంథి వెనక భాగాన్నే బాగా అందుకుంటుంది, ముందు భాగం, అంటే పొట్ట వైపు ఉండేది, చాలాసార్లు మిగిలిపోతుంది.

రిపోర్ట్‌లో క్యాన్సర్ లేదని వచ్చినప్పుడు ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ పీఎస్‌ఏ ఆగలేదు. తర్వాతి పరీక్షల్లో ఇంకాస్త, ఇంకాస్త పెరిగి 8.2కి వచ్చింది. గ్రంథి పెద్దదైతే పీఎస్‌ఏ కూడా ఎక్కువుంటుంది గనక దాన్ని పరిమాణంతో భాగించి చూస్తారు, దాన్ని పీఎస్‌ఏ డెన్సిటీ అంటారు, 0.15 దాటితే అనుమానం ఎక్కువ. నాది 0.17. ఇంకో యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ పాత రిపోర్టు చూసి, మళ్లీ బయాప్సీ అనలేదు, ముందు ఎమ్మారై తీయిద్దాం అన్నారు. మామూలు ఎమ్మారై కూడా సరిపోదట, మల్టీ పారామెట్రిక్ అని రాసిచ్చారు.

ఇది మూడు రకాల బొమ్మల కలయిక. ఒకటి గ్రంథి లోపలి నిర్మాణాన్ని స్పష్టంగా చూపేది, దాన్ని టీ2 అంటారు. రెండోది కణజాలంలో నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో కొలిచేది, కణాలు కిక్కిరిసి ఉన్న చోట నీరు కదల్లేదు కాబట్టి క్యాన్సర్ ఉన్నచోటు వేరుగా తెలుస్తుంది. మూడోది రక్తనాళంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి, అది ఎక్కడ త్వరగా చేరుతోందో చూసేది. సొరంగంలో కదలకుండా పడుకోవడం, ఆ మోత, ఇవన్నీ అందరూ చెప్పేవే. నాకు ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటుంది: వెళ్లేముందు మలవిసర్జన చేసుకుని వెళ్లాలి, ఎందుకంటే పెద్దపేగు చివర గ్యాస్ ఉంటే నీటి కదలికను కొలిచే బొమ్మ వంకర పోతుంది, ఆ బొమ్మ మీదే గురి చాలావరకు ఆధారపడి ఉంటుంది. టెక్నీషియన్ ఈ మాట నన్ను అడిగి మరీ నిర్ధారించుకున్నాడు. అలాగే ఈమధ్యే బయాప్సీ అయి ఉంటే లోపల నిలిచిన రక్తం బొమ్మను గందరగోళం చేస్తుంది గనక కొన్ని వారాలు ఆగమంటారు, నా విషయంలో అప్పటికే చాలాకాలం గడిచింది.

రిపోర్ట్‌లో పీ-ర్యాడ్స్ 4 అని వచ్చింది. ఇది 1 నుంచి 5 వరకు ఉండే స్కోరు, 1 అంటే పట్టించుకోదగ్గ క్యాన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ, 5 అంటే చాలా ఎక్కువ. గ్రంథి ముందు భాగంలో 11 మిల్లీమీటర్ల మచ్చ. ఒకటిన్నర సెంటీమీటర్లు ఉండి ఉంటే 5 అయ్యేది. మొదటి బయాప్సీలో సూదులు సరిగ్గా అందుకోలేని చోటే ఇది కూడా. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎమ్మారై యంత్రం ఎంత ముఖ్యమో, దాన్ని చదివే రేడియాలజిస్ట్ అంతకంటే ముఖ్యం. ఒకే బొమ్మకు ఒకరు 3 ఇస్తే ఇంకొకరు 4 ఇవ్వడం మామూలే. మా డాక్టర్ గారు ప్రోస్టేట్ బొమ్మలే ఎక్కువగా చూసే ఇంకో రేడియాలజిస్ట్‌తో నా బొమ్మలు మళ్లీ చదివించారు, ఆయన కూడా 4 అనే అన్నారు, కానీ మచ్చ హద్దు మొదటాయన గీసిన దానికన్నా కాస్త ఎడమకు జరిపారు. ఆ కాస్త జరపడం ఎంత ముఖ్యమో తర్వాత థియేటర్‌లో అర్థమైంది.

ఎమ్మారై ముందు తీయాలనడం ఎవరో ఒక డాక్టర్ ఇష్టం కాదు, దీని వెనక గట్టి ఆధారాలున్నాయి. 2017లో వచ్చిన ప్రామిస్ అనే బ్రిటన్ అధ్యయనంలో 576 మందికి ఎమ్మారై, మామూలు బయాప్సీ, ఆపైన 5 మిల్లీమీటర్లకొకటి చొప్పున గ్రంథంతా ముక్కలు తీసే బయాప్సీ, మూడూ చేసి పోల్చారు. ముఖ్యమైన క్యాన్సర్లలో ఎమ్మారై 93 శాతం పట్టుకుంటే మామూలు బయాప్సీ 48 శాతమే పట్టుకుంది. మరుసటి ఏడాది ప్రెసిషన్ అనే అధ్యయనంలో 500 మందిని రెండు గుంపులు చేశారు. ఎమ్మారై తీసి, మచ్చ ఉంటేనే గురిపెట్టి బయాప్సీ చేసిన గుంపులో 38 శాతం మందికి ముఖ్యమైన క్యాన్సర్ దొరికింది, మామూలు పద్ధతి గుంపులో 26 శాతానికే. చికిత్స అక్కర్లేని చిన్నాచితకా క్యాన్సర్లు మాత్రం 22 శాతం నుంచి 9 శాతానికి తగ్గాయి. నాకు రెండో అంకె కూడా మొదటిదంత ముఖ్యంగానే అనిపించింది. జీవితాంతం ఏమీ చేయని క్యాన్సర్ పేరు విని భయంతో ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత మూత్రం ఆపుకోలేక బాధపడుతున్నవాళ్లను నేను దగ్గర నుంచి చూశాను.

సరే, మచ్చ ఎక్కడుందో ఎమ్మారైలో తెలిసింది. సూది వేసేది అల్ట్రాసౌండ్ చూస్తూ. అందులో మచ్చ కనిపించదు. ఈ రెండింటినీ కలపడానికి మూడు దారులున్నాయి. డాక్టర్ ఎమ్మారై బొమ్మ చూసి మనసులో గుర్తుపెట్టుకుని అంచనాతో సూది వేయడం ఒకటి, అనుభవం ఉన్న చేతుల్లో ఇది కూడా బాగానే పనిచేస్తుంది. నేరుగా ఎమ్మారై సొరంగంలోనే పడుకోబెట్టి బయాప్సీ చేయడం ఇంకొకటి, దానికి చాలా సమయం, ప్రత్యేకమైన పరికరాలు కావాలి. మూడోది సాఫ్ట్‌వేర్‌తో రెండు బొమ్మలనూ కలపడం. నాకు చేసింది ఇదే.

కలపడం అనే మాట వినడానికి తేలిక. అసలు కష్టమంతా అందులోనే ఉంది. ఎమ్మారై తీసినప్పుడు నేను వెల్లకిలా పడుకున్నాను, లోపల ప్రోబ్ లేదు. బయాప్సీ రోజున కాళ్లు పైకెత్తి స్టాండ్లలో పెట్టారు, లోపల ప్రోబ్ ఉంది, అది గ్రంథిని వెనక నుంచి నొక్కుతోంది. మూత్రాశయం ఆ రోజు ఉన్నంత నిండుగా ఈ రోజు లేదు. ఒక మెత్తటి గుడ్డ మీద బొమ్మ గీసి, ఆ గుడ్డను ఒక పక్క నుంచి లాగితే బొమ్మ ఎలా సాగిపోతుందో గ్రంథి కూడా అలాగే మారిపోతుంది, మచ్చ దానితోపాటు జరుగుతుంది. కొన్ని సిస్టమ్‌లు ఎమ్మారై ఆకారాన్ని ఏమాత్రం మార్చకుండా తిప్పి, జరిపి సరిపెడతాయి, దీన్ని రిజిడ్ అంటారు. కొన్ని ఆ ఆకారాన్ని సాగదీసి అల్ట్రాసౌండ్ ఆకారానికి అమరుస్తాయి, దీన్ని ఎలాస్టిక్ అంటారు. సాగదీసేదే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి అడిగితే మా డాక్టర్ గారు చెప్పింది ఇదీ: అంచులు చక్కగా అతుక్కున్నంత మాత్రాన లోపల ఉన్న మచ్చ కూడా సరైన చోటికి వచ్చిందని అర్థం కాదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌కు అంచులే తెలుసు, లోపల ఏ భాగం ఎంత సాగిందో అది ఊహిస్తుంది. రెండు పద్ధతులనూ పోల్చిన పరిశోధనల్లో కూడా ఇదే మేలని తేలలేదట.

బయాప్సీ రోజుకు ముందే రేడియాలజిస్ట్ ఎమ్మారైలో గ్రంథి అంచును, మచ్చ అంచును గీసి ఫైల్ పంపించారు. థియేటర్‌లో నా మంచం పక్కన ఒక చిన్న పెట్టె అమర్చారు, అది బలహీనమైన అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. ప్రోబ్‌కు ఒక చిన్న సెన్సర్ ఉంటుంది, దాన్ని బట్టి ప్రోబ్ ఎటు తిరిగిందో కంప్యూటర్‌కు క్షణక్షణం తెలుస్తుంది. దగ్గర్లో లోహం ఉంటే ఈ క్షేత్రం చెదిరి లెక్క తప్పుతుందట, అందుకని దగ్గర్లో ఉన్న స్టీల్ ట్రాలీని నర్సు గారు దూరంగా జరిపారు. ఇలా అయస్కాంతంతో కాకుండా ప్రోబ్‌ను యంత్రపు చేతికి బిగించి దాని కీళ్ల కోణాలతో లెక్కగట్టే సిస్టమ్‌లు, త్రీడీ అల్ట్రాసౌండ్ బొమ్మలనే ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ పోయేవి కూడా ఉన్నాయి.

ఈసారి సూది మలద్వారంలోంచి కాదు, వృషణాలకూ మలద్వారానికీ మధ్య ఉన్న చర్మంలోంచి. ప్రోబ్ మాత్రం పాత దారిలోనే. దీనివల్ల రెండు లాభాలు. పేగులోని బ్యాక్టీరియాను సూది మోసుకెళ్లే అవకాశం బాగా తగ్గుతుంది, బయాప్సీ తర్వాత రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం అసలు వచ్చేది ఆ పేగు దారి వల్లే. రెండోది, నా మచ్చ ఉన్న ముందు భాగం ఈ దారిలో బాగా అందుతుంది. మొదట చర్మానికి, తర్వాత లోపల గ్రంథి చుట్టూ మత్తు ఇచ్చారు. ఆ మత్తు ఎక్కేటప్పుడు మండుతుంది, నా మట్టుకు మొత్తం ప్రక్రియలో ఎక్కువ బాధ అనిపించింది ఆ కాసేపే.

తర్వాత జరిగిందే నాకు బాగా గుర్తుంది. డాక్టర్ గారు ప్రోబ్‌ను నెమ్మదిగా ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పి గ్రంథి త్రీడీ బొమ్మ తీశారు. తెర మీద ఎడమవైపు నా ఎమ్మారై, కుడివైపు అల్ట్రాసౌండ్, దాని మీద ఎమ్మారైలోంచి వచ్చిన గ్రంథి అంచు ఒక రంగులో, మచ్చ ఎర్రగా. సాఫ్ట్‌వేర్ రెండింటినీ కలిపేసింది, చూడటానికి నాకు బాగానే ఉంది. ఆవిడకు నచ్చలేదు. మూత్రనాళం గ్రంథి మధ్యలోంచి వెళ్లే దారి, ఒక చోట ఉన్న చిన్న నీటితిత్తి, రెండు బొమ్మల్లోనూ కనిపిస్తున్నాయి, అవి ఒకదాని మీద ఒకటి పడటం లేదు, మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా ఉందన్నారు. ప్రోబ్ నొక్కుడు తగ్గించి మళ్లీ తిప్పారు. ఈసారి నీటితిత్తి సరిపోయింది, మూత్రనాళం సరిపోలేదు. చేత్తో సరిచేసి మళ్లీ చూశారు. ఈ సర్దుబాటుకు పట్టిన సమయంతో పోలిస్తే ముక్కలు తీయడానికి పట్టింది తక్కువే. 11 మిల్లీమీటర్ల మచ్చ మధ్యలోకి గురిపెట్టి 4 మిల్లీమీటర్లు పక్కకు పోయినా ఇంకా అంచులోనే ఉంటాం, ఏడు పోతే పూర్తిగా బయటికి వచ్చేస్తాం. తెర మీద మాత్రం సూది ఎర్రటి మచ్చలోంచే వెళ్లినట్టు కనిపిస్తుంది. ఆ ఎరుపు సాఫ్ట్‌వేర్ వేసిన రంగు, అసలు మచ్చ అక్కడ లేకపోతే ఆ రంగుకు విలువ లేదు.

మొదట మచ్చలోంచే ముక్కలు తీశారు, మధ్యలోంచి, అంచుల్లోంచి, చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల మేర కూడా. ఎమ్మారైలో కనిపించే మచ్చ కన్నా అసలు గడ్డ తరచు పెద్దదే ఉంటుందని, అందుకే అంచు దాటి కూడా తీస్తామని చెప్పారు. మచ్చనే ముందు ఎందుకంటే, సూదులు పడేకొద్దీ లోపల కొంచెం రక్తం చేరి గ్రంథి ఉబ్బుతుంది, జరుగుతుంది, మొదట చేసిన సర్దుబాటు చెడిపోతుంది. నేను కూడా ఒకసారి గన్ శబ్దానికి ఉలిక్కిపడి కదిలాను, వెంటనే ఆపి బొమ్మలు మళ్లీ సరిచూసుకున్నారు. ఆ తర్వాతే మిగతా గ్రంథిలో మామూలు క్రమంలో ముక్కలు తీశారు. ఒక్కో సూది ఎక్కడ ఆగిందో తెర మీద గుర్తు పడుతూ పోయింది, చివరికి గ్రంథి బొమ్మలో ఆ గీతలన్నీ కనిపిస్తున్నాయి.

మచ్చ తెలిశాక కూడా మిగతా చోట్ల ఎందుకు తీయాలని చాలామంది అడుగుతారు. 2020లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వాళ్లు 2,103 మంది మీద ప్రచురించిన ఫలితాల్లో రెండు రకాలూ కలిపి చేసినప్పుడే క్యాన్సర్లు ఎక్కువ దొరికాయి, అసలు గ్రేడ్ ఏమిటన్నది కూడా బాగా తేలింది. అందరికీ రెండూ అవసరమా అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది, మచ్చను, దాని చుట్టుపక్కలను బాగా తీస్తే చాలనే డాక్టర్లు కూడా ఉన్నారు. నాకైతే మొదటి అనుభవం తర్వాత రెండూ చేయించుకోవడమే ఊరట.

తర్వాతి రోజుల సంగతి: మూత్రంలో రక్తం త్వరగానే తగ్గిపోయింది. వీర్యంలో మాత్రం వారాల తరబడి ముదురు రంగు కనిపిస్తుంది, ముందే చెప్పకపోతే మనిషి హడలిపోతాడు. మూత్రం బిగిసిపోయినా, చలిజ్వరం వచ్చినా అర్ధరాత్రి అయినా సరే వెంటనే రమ్మన్నారు. నాకు అలాంటివేమీ రాలేదు.

ప్యాథాలజీ రిపోర్ట్ వచ్చింది. మచ్చలోంచి తీసిన ముక్కల్లో గ్లీసన్, అంటే మైక్రోస్కోప్ కింద కణాల తీరు చూసి క్యాన్సర్ ఎంత దూకుడైనదో చెప్పే స్కోరు, 3+4, గ్రేడ్ గ్రూప్ 2. అందులో కాస్త దూకుడైన 4 రకం కణాలు పది శాతం లోపే. మామూలు క్రమంలో తీసినవాటిలో ఒక ముక్కలో 3+3, మిగతావి శుభ్రం. వినగానే కాళ్ల కింద నేల కదిలినట్టయింది, అది నిజం. కానీ మొదటిసారి "లేదు" అన్నప్పటి కన్నా ఈసారి "ఉంది" అన్నప్పుడు నాకు నిలకడ త్వరగా వచ్చింది, ఎందుకంటే ఎక్కడుంది, ఎంతుంది, ఏ రకం అన్నది చేతిలో ఉంది. గడ్డ చిన్నది, గ్రేడ్ తక్కువ వైపే ఉంది కాబట్టి ఆపరేషన్‌కు, రేడియేషన్‌కు తొందరపడకుండా నిఘాలో ఉంచుతూ చూద్దామన్నారు. మా ఆవిడకు మొదట ఇది మింగుడు పడలేదు, ఉన్నదని తెలిసి ఊరుకోవడమేమిటని. డాక్టర్ గారు ఓపిగ్గా కూర్చోబెట్టి, ఊరుకోవడం లేదమ్మా, లెక్కపెట్టి చూస్తున్నాం అని ఆ గీతల బొమ్మ చూపించాక ఒప్పుకుంది.

నాకు తెలిసిన ఒకాయనకు రెండు తుంటి ఎముకలూ మార్చారు, ఆ లోహం వల్ల ఆయన ఎమ్మారై బొమ్మలు సరిగ్గా రాలేదు. అలాంటివాళ్లకు ఇప్పుడు మైక్రో అల్ట్రాసౌండ్ అనేది ఒక దారి. మామూలు ప్రోబ్‌లు 6 నుంచి 12 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తే ఇది 29 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అందుకే మామూలు అల్ట్రాసౌండ్ చూపలేని సన్నటి నిర్మాణాలు దీంట్లో కనిపిస్తాయి. 2025లో వచ్చిన ఆప్టిమమ్ అనే అధ్యయనం దీనితో గురిపెట్టిన బయాప్సీ ఎమ్మారై ఫ్యూజన్‌కు తీసిపోదని చూపింది. నాకు దీంట్లో నచ్చిన సంగతి, మచ్చను చూసేదీ సూది వేసేదీ ఒకే బొమ్మలో, ఒకే క్షణంలో కాబట్టి రెండు బొమ్మలను కలిపే తలనొప్పే ఉండదు. కాకపోతే తరంగాలు అంత సన్నవైతే లోతుకు బాగా వెళ్లలేవు, పెద్ద గ్రంథుల్లో ముందు భాగం చూడటం కష్టం. నా మచ్చ ఉన్నది సరిగ్గా అక్కడే.

ఈ సాంకేతికత తయారుచేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక కోరిక ఉంది. గ్రంథి అంచులు వాటంతటవే గీసే సాఫ్ట్‌వేర్ వస్తోంది, మంచిదే. గ్రంథి కదిలితే వెంటనే సరిచేసుకునేవి వస్తున్నాయి, ఇంకా మంచిది. వాటితోపాటు, ఈ క్షణంలో ఈ రెండు బొమ్మలూ ఎంత నమ్మకంగా కలిశాయో తెర మీదే చూపించాలి. ఎర్రటి మచ్చకు గట్టి అంచు గీసి చూపిస్తే డాక్టర్ కూడా దాన్ని నిజమనుకునే ప్రమాదముంది. అంచు చుట్టూ ఎన్ని మిల్లీమీటర్ల సందేహం ఉందో అంత మసకగా చూపిస్తే, ముక్కలు ఎంత దూరం దాకా తీయాలో ఆ మసకే చెబుతుంది. మా డాక్టర్ గారు నీటితిత్తి చూసి పసిగట్టారు గనక సరిపోయింది, రోజుకు ఎన్నో కేసులు చూసే చోట అంత ఓపిక అందరికీ ఉండాలంటే యంత్రం కూడా సాయం చేయాలి.

బయాప్సీకి వెళ్లేవాళ్లు అడగాల్సినవి: ముందు ఎమ్మారై ఉంటుందా, దాన్ని చదివేవారు ప్రోస్టేట్ బొమ్మలు ఎక్కువగా చూసేవారేనా, మచ్చకు సూది ఎలా గురిపెడతారు, సూది చర్మంలోంచా పేగులోంచా, బొమ్మలు కలిశాయని దేన్ని చూసి నిర్ధారించుకుంటారు. చివరి ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టర్ దొరికితే అక్కడే చేయించుకోండి.

నా విషయంలో పీఎస్‌ఏ పరీక్షలు నడుస్తున్నాయి, తర్వాత మళ్లీ ఎమ్మారై, మళ్లీ బయాప్సీ ఉంటాయి. అప్పుడు పాత సూదుల గుర్తులున్న త్రీడీ బొమ్మను పిలిచి, 3+4 దొరికిన చోటికే మళ్లీ వెళ్లి చూస్తారు, ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఒక కంపెనీ సిస్టమ్‌లో దాచిన ఆ గుర్తులు ఇంకో కంపెనీ సిస్టమ్‌లో తెరుచుకుంటాయన్న గ్యారంటీ లేదు, అందుకని ఆసుపత్రి మారాల్సి వస్తే ఎలా అని అడిగి, ఎమ్మారై సీడీతోపాటు ముక్కలు తీసిన చోట్ల బొమ్మలు, ఏ డబ్బాలో ఏ చోటి ముక్క వేశారో రాసిన కాగితం కాపీ తీసుకుని ఫైల్‌లో పెట్టుకున్నాను.